గొంతు చూపించిన మనిషి

పక్షవాతం వచ్చాక తోర్లైఫ్ నోట ఒక్క మాటే మిగిలింది. "అవును."

కాఫీ పొయ్యనా అంటే అవును. చాలా అంటే అవును. చలిగా ఉందా అన్నా, ఉక్కగా ఉందా అన్నా అదే. పట్నం ఆసుపత్రిలో డాక్టర్లు అతని భార్య మార్గిత్‌ను కూర్చోబెట్టి వివరంగానే చెప్పారు. మనం అన్నది ఆయనకు అర్థమవుతుంది, తను అనాలనుకున్నదే నోటికి రాదు, ఏది అడిగినా ఆ ఒక్క మాటే ఊడిపడుతుంది, దాన్ని పట్టుకోకండి, మొహం చూసి తెలుసుకోండి అన్నారు. మార్గిత్ అలాగే తెలుసుకోవడం నేర్చుకుంది. కావాలి అనే అవునుకు కనుబొమ్మలు లేస్తాయి. వద్దు అనే అవునుకు చూపు గోడ మీదికి పోతుంది. విసుగు అవును వేరు, నవ్వు అవును వేరు. రెండేళ్ళుగా ఆ ఒక్క మాటతోనే వాళ్ళ సంసారం సాగిపోతోంది.

స్కార్‌వోయ్ దీవిలో వాళ్ళ పసుప్పచ్చ ఇల్లు పడవల రేవుకు కాస్త ఎగువన ఉంది. వంటింటి కిటికీలోంచి చూస్తే జలసంధి, దాని అవతల నల్లటి కొండలు. కిటికీకి ఎదురుగా బల్ల, బల్ల దగ్గర తోర్లైఫ్ కుర్చీ. జీవితమంతా ఆ నీళ్ళ మీదే చేపలు పట్టిన మనిషి, ఇప్పుడు చచ్చుబడిన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చునేవాడు.

బాట అవతల తెల్ల ఇల్లు దాగ్రున్‌ది. పెళ్ళి చేసుకోలేదు. చేపలు ఉప్పు పట్టించే షెడ్డులో పని చేసి రిటైరయింది. వారంలో రెండు మూడుసార్లు మార్గిత్ దగ్గరికి కాఫీకి వచ్చేది. ఇద్దరూ స్వెట్టర్లు అల్లుకుంటూ, ఊళ్ళోవాళ్ళను ఆడిపోసుకుంటూ కూర్చునేవాళ్ళు. ఎంత మాట్లాడుకున్నా ఒక్క పేరు మాత్రం ఆ వంటింట్లోకి వచ్చేది కాదు. దాగ్రున్ తమ్ముడు ఎద్విన్ పేరు.

ఎద్విన్ పోయి ముప్పై ఏళ్ళు దాటింది. కాడ్ చేపల సీజన్లో అతనూ తోర్లైఫూ ఒకే పడవలో వెళ్ళారు. మధ్యాహ్నానికి గాలి లేచింది. మిగతా పడవలన్నీ రేవుకు చేరాయి. వాళ్ళది మసక చీకట్లో వచ్చింది. పడవలో తోర్లైఫ్ ఒక్కడే ఉన్నాడు. తాడు కట్టి పైకి ఎక్కి, రేవు మీద నిలబడి ఉన్న దాగ్రున్‌తో, "ఉన్నాడు. ఇటు తిరిగి చూసేసరికి లేడు," అన్నాడు. పోలీసులకు అదే చెప్పాడు, పాస్టరుకు అదే చెప్పాడు. ఆ తర్వాత ఇక ఆ సంగతి ఎత్తలేదు. శవం దొరకలేదు. దీవిలో మాత్రం ఏవేవో అనుకున్నారు. ఆఖరి గాలాలు కూడా లాగేద్దామని తోర్లైఫే పట్టుబట్టాడన్నారు. పడవ ఒక్కసారైనా వెనక్కి తిరగకుండా తిన్నగా వచ్చేసిందన్నారు. ఆ గాలిలో చూసిందెవరని అడిగితే ఎవరూ లేరు. కానీ ఆ మాటలు ఊళ్ళో అలాగే ఉండిపోయాయి. దాగ్రున్ తోర్లైఫ్‌ను ఎన్నడూ అడగలేదు. పక్కలో పడుకునే మార్గితూ అడగలేదు.

జనవరిలో ఒక పొద్దున పెనుగాలి పట్టుకుంది. పట్నం లాంచీ రాదని రేడియోలో చెప్పారు. మార్గిత్ ఎప్పటిలాగే భర్త మొహం తుడిచి, కింది కట్టుడు పళ్ళ సెట్టు పెట్టింది. చిన్న సెట్టే. ముందుకు నాలుగు పళ్ళు, అటూ ఇటూ పక్క పళ్ళకు తగులుకునే తీగ కొక్కేలు. చేప ముద్దల సూపులో రొట్టె నానబెట్టి గిన్నె అతని ముందు పెట్టి, పొయ్యి మీద కాఫీ పొంగుతుంటే అటు తిరిగింది.

వెనక చెంచా కింద పడ్డ చప్పుడైంది. తిరిగి చూస్తే తోర్లైఫ్ మొహం నల్లబడి ఉంది. ఊపిరి అందడం లేదు. మార్గిత్ పరుగెత్తి అతన్ని ముందుకు వంచి వీపు మీద గట్టిగా చరిచింది. ఓ రొట్టె ముద్ద బల్ల మీద పడింది. అతను గుర్రుమని ఊపిరి పీల్చాడు, దగ్గాడు, మొహానికి మెల్లగా రంగు వచ్చింది.

"హడలగొట్టావు కదయ్యా! అంత తొందరేం? రొట్టె ఎక్కడికి పోతుంది?" అంటూ ఆమె నీళ్ళు తాగించబోయింది. నీళ్ళు నోటి మూలనుంచి బయటికి వచ్చేశాయి.

ఆ తర్వాత తోర్లైఫ్ గిన్నె ముట్టలేదు. ఎడమచేతి వేళ్ళతో మెడ కింది గుంట మీద కొట్టుకున్నాడు. కొట్టుకుని కిటికీ వైపు చెయ్యి చాపాడు. మళ్ళీ గొంతు, మళ్ళీ కిటికీ.

"నొప్పిగా ఉందా?"

"అవును."

"దగ్గి దగ్గి గీసుకుపోయి ఉంటుంది. గాలి చూసి భయమేస్తోందా?"

"అవును," అంటూనే అతను విసుగ్గా తల అడ్డంగా తిప్పాడు. మార్గిత్ కిటికీలోంచి చూసింది. నీళ్ళు తెల్లగా ఉడుకుతున్నాయి. ఒక్క పడవ లేదు, ఒక్క పక్షి లేదు. అటు చూపించడానికి ఏమీ కనిపించలేదు.

పడుకోబోయే ముందు పళ్ళు తీయబోతే అతను పెదాలు బిగించేశాడు. వేలు తగిలితేనే మూలిగాడు. "సరే, పళ్ళతోనే పడుకో, మొండిఘటం," అని ఆమె దీపం ఆర్పింది. దిండు మీద చొంగ మడుగు కట్టింది. తను పక్కకు తిరిగినప్పుడల్లా అతను కళ్ళు తెరిచే ఉన్నాడని ఆమెకు తెలుస్తూనే ఉంది.

మర్నాడు దాగ్రున్ వచ్చింది. బూట్ల మంచు గుమ్మంలో దులుపుకుని లోపలికి రాగానే తోర్లైఫ్ ఒక్కసారిగా కుర్చీలో ముందుకు వంగి ఆమె చేతిని పట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో ఎన్నడూ అలా పట్టుకోలేదు. వదిలి గొంతు మీద కొట్టుకున్నాడు. కిటికీ వైపు చూపించాడు. మళ్ళీ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అతని కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఏమైందే ఈయనకు?" అంది దాగ్రున్.

"నిన్నటి నుంచీ ఇంతే. తిండి లేదు, నీళ్ళు లేవు. గొంతు, కిటికీ, గొంతు, కిటికీ. ఏం చూపిస్తాడో నాకర్థం కాలేదు."

దాగ్రున్ కిటికీ వైపు తిరిగి చాలాసేపు నిలబడింది. ఆ జలసంధి చివరనే ఎద్విన్ పోయింది. ఆమె కుర్చీ లాక్కుని తోర్లైఫ్ మోకాళ్ళకు తన మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

"ఎద్విన్ గురించా?"

ఆ పేరు వినగానే మార్గిత్ కాఫీ కెటిల్‌ను తిరిగి పొయ్యి మీద పెట్టేసింది.

"అవును," అన్నాడు తోర్లైఫ్.

"దాగ్రున్, ఆయన అన్నిటికీ అదే అంటాడు. నీకు తెలీదా?"

"తెలుసు. ఎప్పుడైనా ఇలా ఏడ్చాడా? చెప్పు, నువ్వు చూశావా?"

మార్గిత్ చూడలేదు. తల్లి పోయినప్పుడు కూడా తోర్లైఫ్ ఏడవలేదు.

"ఎద్విన్ నీళ్ళలో పడ్డాడు," అంది దాగ్రున్ నెమ్మదిగా, చిన్నపిల్లాడితో మాట్లాడినట్టు. "నువ్వు చూశావు."

"అవును."

"ఇక్కడిదాకా మునిగాడా? గొంతుదాకా?" ఆమె తన మెడ ముట్టుకుంది. అతను ఆత్రంగా తన గొంతు మీద కొట్టుకున్నాడు. "అవును, అవును."

"అరిచాడా?"

"అవును."

"నన్ను పిలిచాడా, తోర్లైఫ్? నా పేరు పెట్టి పిలిచాడా?"

"అవును."

దాగ్రున్ కళ్ళు మూసుకుంది. తమ్ముణ్ణి తనే పెంచింది. వాడికి ఊహ తెలియకముందే తల్లి పోయింది. కాసేపటికి కళ్ళు తెరిచి అడిగింది. ఈసారి గొంతు వేరుగా ఉంది.

"పడవ తిప్పగలిగి ఉండేవాడివా?"

"చాలు, ఇంక ఆపు," అంది మార్గిత్.

"నిన్ను కాదు అడుగుతోంది. తోర్లైఫ్, నువ్వు పడవ తిప్పితే వాడు బతికేవాడా?"

అతను ఆమె చేతిని తన గొంతు దగ్గరికి లాక్కున్నాడు. లోపల ఏదో ఉంది చూడు, ముట్టుకుని చూడు అన్నట్టు ఆ వేళ్ళను గుంటలో నొక్కుకున్నాడు. "అవును," అన్నాడు. "అవును."

దాగ్రున్ చెయ్యి విదిలించుకుని లేచింది.

"ఇన్నేళ్ళూ నీ ఇంట్లో కాఫీ తాగాను. నీ పెళ్ళాం అల్లిన చేతితొడుగులు తొడుక్కున్నాను. నీకు జబ్బు చేస్తే కూర్చుని కాపలా కాశాను. నా తమ్ముడు గొంతుదాకా నీళ్ళలో ఉండి నన్ను పిలుస్తుంటే చూస్తూ వచ్చేశావు కదూ?"

"అవును," అన్నాడతను ఏడుస్తూ.

ఆమె తలుపు కూడా వేయకుండా వెళ్ళిపోయింది. కోటు చేతి మీదే ఉంది. మార్గిత్ వెనకాల గుమ్మందాకా వెళ్ళి ఆగిపోయింది. తలుపు వేసి వెనక్కి వచ్చి, భర్తకు ఎదురుగా నిలబడి ఒకే ఒక్క మాట అడిగింది.

"నిజమేనా?"

"అవును."

మార్గిత్‌కు అతని మొహంలో కనుబొమ్మలు ఎటున్నాయో, చూపు ఎటు పోయిందో కనిపించలేదు. ఆ మాటొక్కటే వినిపించింది. పొయ్యి మీద సూపు అలాగే వదిలేసి ముందు గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఈ మనిషి పక్కన ఇంతకాలం పడుకున్నాను అనుకుంది. పెనుగాలి వీచినప్పుడల్లా అతను లేచి కూర్చుంటే, వీపు నిమిరి పడుకోబెట్టింది తను.

వంటింట్లోంచి చప్పుడు మొదలైంది. తోర్లైఫ్ ఎడమచేత్తో బల్ల మీద కొడుతున్నాడు. కాసేపు కొట్టి ఆగుతాడు. మళ్ళీ కొడతాడు. ఆమెకు వినిపిస్తూనే ఉంది. లేవలేదు. చివరికి చప్పుడు దానంతటదే ఆగిపోయింది. అప్పుడు కూడా వెంటనే లేవలేదు.

తర్వాతి రోజు అతని ఒళ్ళు కాలిపోతోంది. మెడ ఓ పక్కంతా వాచింది. నోటినుంచి కుళ్ళు వాసన. "తోర్లైఫ్, వినిపిస్తోందా?" అంటే ఆ ఒక్క మాట కూడా రాలేదు. ఆమె ఫోను దగ్గరికి పరుగెత్తింది. అదృష్టం కొద్దీ గాలి తగ్గింది. అంబులెన్స్ పడవ వచ్చింది. స్ట్రెచర్ రేవు మీదికి తెస్తుంటే కొట్టు ముందు నిలబడ్డ నలుగురైదుగురు తలలు తిప్పుకున్నారు. ఎవరూ సాయం పట్టలేదు. దాగ్రున్ ముందు రోజే కొట్టుకు వెళ్ళి వచ్చిందని మార్గిత్‌కు అప్పుడు అర్థమైంది.

ఆసుపత్రిలో సీనొవె అనే డాక్టరమ్మ ఉంది. వయసులో చిన్నది, మాట నెమ్మది. ఎక్స్‌రే తీయించి, మార్గిత్‌ను లోపలికి పిలిచి వెలుగుతున్న తెర ముందు నిలబెట్టింది.

"ఇది మెడ. ఇది వెన్నెముక. దాని ముందు అన్నవాహిక ఉంటుంది. ఇక్కడ చూడండి."

బూడిద రంగు నీడల మధ్య తెల్లగా రెండు కొక్కేలు. వాటి మధ్య వరసగా నాలుగు పళ్ళు. మనిషి గొంతులోంచి ఎవరో నవ్వుతున్నట్టు ఉంది.

"ఇవి ఆయన పళ్ళేనా?"

మార్గిత్ తలూపింది.

"కొక్కెం గోడలోకి దిగింది. చుట్టూ చీము పట్టింది. ఎప్పుడు మింగారో తెలుసా?"

"మొన్న పొద్దున. సూపు తాగుతూ పొలమారింది. రొట్టె ముద్ద బయట పడితే అయిపోయిందనుకున్నాను."

"ఆయనకు మాట లేదు కదా, పాపం. చెప్పుకోలేకపోయారు."

"చెప్పాడు," అంది మార్గిత్. "చెప్పాడమ్మా. చెబుతూనే ఉన్నాడు."

డాక్టరమ్మ ఆమె మొహం చూసి కుర్చీ జరిపింది.

మత్తిచ్చి, నోట్లోంచి గొట్టం దించి, సెట్టును తిప్పి తిప్పి మెల్లగా బయటికి తీశారు. గోడ కొంత చిరిగింది. అది మానేదాకా నోటితో ఏమీ పెట్టకూడదని ముక్కులోంచి సన్నటి గొట్టం వేశారు. రెండు రోజులు అటో ఇటో అన్నట్టే ఉన్నాడు. మూడో రోజు కళ్ళు తెరిచి, పక్కన కూర్చున్న మార్గిత్‌ను చూసి చేతిని కాస్త కదిలించాడు. ఆ చేతిలో మొహం పెట్టి ఆమె చాలాసేపు లేవలేదు.

బట్టలు తెచ్చుకోవడానికి ఇంటికి వచ్చిన రోజు, వంటింట్లో అడుగు పెడుతూనే ఆమె చూపు కిటికీ మీద పడింది. కిటికీ గట్టు మీద గాజు గ్లాసు ఉంది. రోజూ పడుకునే ముందు పళ్ళ సెట్టు వేసే గ్లాసు. సగం నీళ్ళున్నాయి, లోపల ఏమీ లేదు. మార్గిత్ వెళ్ళి తోర్లైఫ్ కుర్చీలో కూర్చుని, అతనిలాగే ఎడమచెయ్యి చాపి చూసింది. వేలు తిన్నగా గ్లాసును చూపించింది. దాని వెనక, గాజుకు అవతల సముద్రం. ఇంట్లో ఎప్పుడూ ఉండే గ్లాసును దాటిపోయి, ఆ రోజు తన చూపూ దాగ్రున్ చూపూ సముద్రం దాకా వెళ్ళాయి.

ఆమె ఇంట్లో ఉందని పొగ చూసి దాగ్రున్ వచ్చింది. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడింది.

"పళ్ళట కదా."

"పళ్ళే."

"బతుకుతాడా?"

"బతుకుతాడంటున్నారు."

దాగ్రున్ గోడకు ఆనుకుంది. "ఆయన నా చెయ్యి తీసుకుని అక్కడ పెట్టుకున్నాడు మార్గిత్. వేళ్ళకు తగిలింది కూడా. ఏదో గట్టిగా. ఎముకనుకున్నాను. అసలు ఏమీ అనుకోలేదు. నాకు కావాల్సింది వింటూ కూర్చున్నాను."

"నేనేం తక్కువ తిన్నానా? బల్ల మీద కొడుతుంటే విని కూడా రాలేదు."

తర్వాత మార్గిత్ కాఫీ పెట్టింది. దాగ్రున్ బూట్లు విప్పి లోపలికి వచ్చి కూర్చుంది, ఖాళీ కుర్చీ వైపు చూడకుండా.

"కొట్టు దగ్గరికి వెళ్ళి చెప్పాను," అంది. "నేనన్నది అబద్ధం, ఆయన గొంతులో పళ్ళు ఇరుక్కున్నాయి, మీరంతా మర్చిపోండి అన్నాను."

"ఏమన్నారు?"

"ఏమంటారు? సరేలే దాగ్రున్, నువ్వు మంచిదానివి అన్నారు. కొట్టావిడ నా చెయ్యి నిమిరింది. ఒక్కరూ నమ్మలేదు. ముప్పై ఏళ్ళుగా వాళ్ళు అలాంటి మాట కోసమే చూస్తున్నారు. ఇచ్చింది నేను. ఇక తిరిగి తీసుకుంటానంటే ఎవరిస్తారు?"

ఆమె కప్పును రెండు చేతుల మధ్య తిప్పింది.

"ఒకటడుగుతాను, తిట్టకు. నన్ను పిలిచాడా అంటే అవునన్నాడు కదా. పడవ సంగతి వదిలేశాను. అది ఆయన చెప్పింది కాదు, నొప్పి చెప్పించింది. ఒప్పుకుంటున్నాను. కానీ ఆ ఒక్క మాటా నేను ఉంచుకోనా? వాడు నన్ను పిలిచాడన్న మాట?"

రెండూ ఒకే నోట, ఒకే నొప్పితో, ఒక దాని వెంట ఒకటి వచ్చినవే. ఒకటి నిజమైతే రెండోదీ నిజమే. ఒకటి కాకపోతే రెండోదీ కాదు. ఆ సంగతి దాగ్రున్‌కూ తెలుసు. తెలిసే అడుగుతోంది.

"ఉంచుకో," అంది మార్గిత్ చివరికి.

మంచు కరిగాక తోర్లైఫ్ ఇంటికి వచ్చాడు. సగం మనిషయ్యాడు. అన్నీ జావలా చేసి పెట్టాలి. కొత్త పళ్ళ సెట్టు వద్దన్నారు. ఆ ఒక్క మాట మాత్రం తిరిగి వచ్చింది. మార్గిత్ ఇప్పుడు అతను చెయ్యి కదిపితే చాలు, పరుగున వచ్చి గదిలో ఒక్కొక్క వస్తువూ ముట్టి అడిగేది. ఇదా? ఇదా? కుర్చీ కాలా? దిండా? అతను ఊరికే ఈగను తోలినా అడిగేది. రాత్రిళ్ళు అతని ఊపిరి వింటూ మేలుకునేది. గాలి కిటికీ తలుపు కొడితే, బల్ల మీద అతను కొడుతున్నాడనుకుని అదిరిపడి లేచేది. లేచి చూస్తే అతను నిద్రపోతూ ఉండేవాడు.

దాగ్రున్ కాఫీకి రావడం మానలేదు. తోర్లైఫ్ పక్కన కూర్చుని, తమ్ముడి గురించి ఇప్పుడు హాయిగా మాట్లాడేది. వాడు చిన్నప్పుడు పిల్లిని పడవెక్కించిన సంగతి, పాస్టరు టోపీ దాచిన సంగతి. "చివర్లో నన్నే తలుచుకున్నాడు," అనేది మధ్యలో. తోర్లైఫ్ వింటూ "అవును" అనేవాడు. ఆమె మాత్రం అతన్ని ఏమీ అడిగేది కాదు. చెప్పుకుపోయేదంతే.

జూన్‌లో ఒక మధ్యాహ్నం మార్గిత్ అతన్ని ఇంటి వెనక ఎండలో కూర్చోబెట్టి గడ్డం గీస్తోంది. చుట్టుపక్కల ఎవరూ లేరు. అతని ఒంట్లో నొప్పి లేదు, పొద్దున జావ మొత్తం తాగాడు, మొహం తేటగా ఉంది. అడగనని ఆమె తనకు తాను చాలాసార్లు చెప్పుకుంది. చెంప మీద సబ్బు నురగ తీస్తూ, చెయ్యి ఆపకుండా, ఏదో మామూలు మాటలా అడిగేసింది.

"ఆ రోజు పడవ వెనక్కి తిప్పావా తోర్లైఫ్? ఎద్విన్ కోసం తిప్పావా?"

కాఫీకీ, చలికీ, వానకీ, ఆఖరికి వీధిలో పోయే కుక్క పేరడిగినా తడుముకోకుండా వచ్చే ఆ మాట రాలేదు. అతని నోరు తెరుచుకుంది. నాలుక కదిలింది. మార్గిత్ కత్తి పక్కన పెట్టి అతని కళ్ళలోకి చూసింది. రెండేళ్ళుగా చదవడం నేర్చుకున్న ఆ మొహంలో కనుబొమ్మలు లేవలేదు, చూపు గోడ మీదికి పోలేదు. ఆమె మీదే నిలిచి ఉంది. అతను నోరు మూసుకున్నాడు.

"సరేలే," అంది ఆమె. "సరే."

మిగిలిన చెంప కూడా గీసి, తడిగుడ్డతో మొహం తుడిచి, కాలరు సరిచేసింది. బాట మీద దాగ్రున్ వస్తోంది, గుడ్డ కప్పిన పళ్ళెంలో వేడి వేడి వాఫిల్ అట్లు పట్టుకుని.

"ఏమే, పెళ్ళికొడుకును చేస్తున్నావా?" అని దూరం నుంచే నవ్వింది.

"అవునే," అని మార్గిత్ గిన్నెలో నీళ్ళు గడ్డిలో పారబోసి, ఇంకో కుర్చీ తేవడానికి లోపలికి వెళ్ళింది.